బిందె దాకా బాగానే వచ్చిన నీళ్లు

బిలాస్‌పూర్ అనగానే మనవాళ్లకు ముందు రైలే గుర్తొస్తుంది. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ప్రధాన కార్యాలయం ఈ ఊరే. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు కుటుంబాలు కొలువుల కోసం పట్టాల వెంబడే ఇక్కడికి చేరాయి. వాళ్ల మనవలు, మునిమనవలు ఇప్పుడు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, సంతలో ఛత్తీస్‌గఢీ మాట్లాడేస్తున్నారు. క్వార్టర్లలో కుళాయి తిప్పితే నీళ్లు. ఊరు దాటి గంట ప్రయాణం చేస్తే చేతిపంపు దగ్గర బిందెల వరస. తొలకరి పడిందంటే ఆ పల్లెల్లో పసిపిల్లలకు వాంతులు, విరేచనాలు మొదలు. ‘ఉల్టీ-దస్త్’ అంటారు ఇక్కడ. ఆ మాట చెవిన పడితే చాలు, తల్లుల మొహాలు మారిపోతాయి. ఆ జబ్బు ఎందుకొస్తుంది, ఏ పిల్లలకు ఎక్కువగా వస్తుంది, వస్తే ఏం చేయాలి అన్నదాని మీద పోగేసిన విశేషాలివి. వరసేమీ లేదు. మధ్యలోంచి చదివినా నష్టం లేదు.

తప్పు పంపుదా, చెంబుదా?

పిల్లాడికి విరేచనాలు పట్టుకుంటే ముందు బోరును తిడతాం. చాలాసార్లు బోరు తప్పేమీ ఉండదు. షోలాపూర్ పంపు నమూనా మీద 1970ల్లో మన దేశంలోనే తయారైన ‘ఇండియా మార్క్-2’ చేతిపంపు దేశంలో లక్షల పల్లెలకు లోతు నీళ్లు అందించింది. ఆ నీళ్లు పంపు మూతి దగ్గర బాగానే ఉంటాయి. చిక్కంతా ఆ తర్వాతే. 2004లో వచ్చిన ఒక సమీక్ష, పలు దేశాల్లో జరిగిన 57 పరిశీలనలను ఒకచోట పెట్టి చూసింది. పట్టుకున్న చోట మంచిగా ఉన్న నీళ్లు తాగే వేళకు చెడిపోవడం సుమారు సగం పరిశీలనల్లో స్పష్టంగా కనబడింది.

ఎలా చెడిపోతాయన్నది చూడాలంటే ఏ పల్లె ఇంట్లోనైనా బిందె పక్కన ఒక రోజు కూర్చుంటే సరి. ఇల్లాలు పంపు దగ్గర బిందెను తోమి, రెండుసార్లు తొలిచి, నింపుకొచ్చి గోడవారన నీడపట్టున పెడుతుంది. మీద ఒక పళ్లెం మూస్తుంది. ఇంతవరకూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. పొలం నుంచి వచ్చిన తాత పళ్లెం తీసి చెంబు ముంచుతాడు, చెంబుతో పాటు నాలుగు వేళ్లూ మునుగుతాయి. బడి నుంచి వచ్చిన పిల్ల గ్లాసు ముంచి సగం తాగి, మిగిలింది మళ్లీ బిందెలోనే వంపేస్తుంది. ఏడాదిన్నర బుడ్డోడు ఎవరూ చూడనప్పుడు పళ్లెం జరిపి మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతాడు. వాడు అంతకు ముందు ఆడుకున్నది మేకలు కట్టేసే చోట. సాయంత్రం అదే బిందెలోంచి ఒక గ్లాసు ముంచి అమ్మ వాడికే తాగిస్తుంది.

దీనికి మందు పొడవాటి కాడ ఉన్న గరిటె. లేదా కుళాయి బిగించిన డ్రమ్ము. లేదా చెయ్యి దూరనంత సన్నటి మూతి ఉన్న కుండ. ఈ మూడింటిలో ఏదీ ఖరీదైనది కాదు. బిలాస్‌పూర్‌లో రైల్ నీర్ సీసాలు నింపే కర్మాగారం ఉంది. ఆ సీసాకి ఉన్నది కూడా సన్న మూతే కదా!

నీళ్లు నల్లబడితే

నీళ్లలో మలం తాలూకు క్రిములు ఉన్నాయో లేదో తెలుసుకోవడానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. మందు పూసిన కాగితం ముక్క ఉన్న చిన్న సీసాలో నీళ్లు పోసి, వెచ్చటి చోట ఒక రాత్రి ఉంచితే చాలు. నీళ్లు నల్లబడితే తాగడానికి పనికిరావు. హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు పుట్టి కాగితంలోని ఇనుముతో కలవడం వల్ల వచ్చే నలుపు అది. ఈ పరీక్ష పుట్టింది మన దేశంలోనే. గ్వాలియర్ రక్షణ ప్రయోగశాలకు చెందిన మంజా, మౌర్య, రావు అనే ముగ్గురు శాస్త్రవేత్తలు 1982లో దీన్ని లోకానికి చెప్పారు. తర్వాత ఎన్నో దేశాల పల్లెల్లో వాడారు.

పల్లెవాళ్లకు లెక్కలు చెప్పి ఒప్పించలేనిది ఈ సీసా ఒప్పిస్తుంది. పంపు నీళ్ల సీసా తేటగా, బిందె నీళ్ల సీసా నల్లగా పక్కపక్కన నిలబెడితే ఇంక ఉపన్యాసం దేనికి?

అదే గ్వాలియర్ ప్రయోగశాల పేరు రైల్వేవాళ్లకు ఇంకో రకంగా తెలుసు. బోగీల కింద బిగించిన బయో టాయిలెట్ల వెనుక ఉన్నదీ ఆ శాస్త్రవేత్తల పనే. అవి రాకముందు రైలు మరుగుదొడ్డిలోది నేరుగా పట్టాల మీద పడేది. పట్టాలు తనిఖీ చేసే గ్యాంగ్‌మన్‌లు దాని మధ్యే నడిచేవారు. అసలు మూడో తరగతి పెట్టెల్లో మరుగుదొడ్లే లేని కాలంలో, 1909లో, ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు పనసపండు తిని కడుపు ఉబ్బి, దారిలో స్టేషన్‌లో దిగి పని చూసుకుంటుండగా రైలు వదిలేసిందని సాహిబ్‌గంజ్ కార్యాలయానికి రాసిన ఫిర్యాదు ఢిల్లీ రైల్వే మ్యూజియంలో పెట్టారు. అందరూ ఆయన ఇంగ్లిష్ చదివి నవ్వుతారు. ఆయన కడుపు బాధ ఎవరికి పట్టింది?

దొడ్డి కట్టినంత మాత్రాన

ఒడిశాలో పూరీ జిల్లాలో 100 పల్లెలు తీసుకుని, సగం పల్లెల్లో మరుగుదొడ్ల పని ముందు చేపట్టి, మిగతా సగంతో పోల్చి చూశారు. 2014లో ఫలితాలు వచ్చాయి. పని జరిగిన పల్లెల్లో మరుగుదొడ్లున్న ఇళ్లు 9 శాతం నుంచి 63 శాతానికి పెరిగాయి. పిల్లల విరేచనాలు మాత్రం తగ్గలేదు. కారణం వెతికితే పెద్ద రహస్యమేమీ లేదు. దొడ్డి కట్టారు గానీ, ఇంట్లో అందరూ అందులోకి వెళ్లలేదు. లోపల నీళ్ల కుళాయి లేదు. కొన్నిచోట్ల కట్టెలు పెట్టుకున్నారు.

ఇంకో సంగతి ఉంది, దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పెద్దవాళ్లు దొడ్డికి వెళ్లినా, పసివాడిది ఎక్కడికి పోతుంది? ‘పాలు తాగే పిల్లాడిది, దానికి దోషమేముంటుంది’ అంటూ చెత్తకుప్ప మీదో పెరట్లోనో పారేయడం మన ఊళ్లలోనూ ఉంది, ఇక్కడా ఉంది. నిజానికి విరేచనాలు తెప్పించే క్రిములు ఎక్కువగా ఉండేది పసిపిల్లల మలంలోనే. ఎందుకంటే వాటి దెబ్బ ఎక్కువగా తినేది వాళ్లే.

సబ్బు లెక్క

దొడ్డికి వెళ్లొచ్చాక, పిల్లాడిది కడిగాక, అన్నం కలిపే ముందు సబ్బుతో చేతులు కడిగే అలవాటు ఊరంతటికీ చేయగలిగితే పిల్లల విరేచనాలు దాదాపు 30 శాతం తగ్గుతాయని చాలా దేశాల పరిశోధనలు కలిపి చూసినవాళ్లు లెక్క తేల్చారు. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఊరి చెరువే స్నానానికి, బట్టలకు, పశువులకు కూడా. అక్కడ చేతికి దొరికేది గట్టు మట్టి. మట్టితో రుద్దినా మురికి పోతుంది గానీ ఆ మట్టిలోనే పశువుల పేడ కలిసి ఉంటుంది. బూడిద నయం. సబ్బు అన్నిటికన్నా నయం. ఒక్క సబ్బుబిళ్ల ఇంట్లో ఉంటే అది స్నానానికని దాచుకుంటారు. చేతులకు వేరే బిళ్ల పెట్టుకోవడమే అసలు మార్పు.

పళ్లొస్తున్నాయని

‘పిల్లాడికి పళ్లొస్తున్నాయండీ, అందుకే మోషన్స్.’ బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనైనా, బొబ్బిలిలోనైనా తెలుగింటి అమ్మమ్మ నోట వినబడే మాటే ఇది. ఇక్కడి ఛత్తీస్‌గఢీ అమ్మమ్మలదీ అదే నమ్మకం. పళ్లు విరేచనాలు తెప్పించవు. మరి రెండూ ఒకేసారి ఎందుకొస్తాయి? ఆరో నెల దాటాక పళ్లు మొలుస్తాయి. సరిగ్గా అప్పుడే పిల్లాడు పాకడం మొదలెడతాడు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటాడు, తల్లిపాలతో పాటు పైతిండి మొదలవుతుంది, తల్లి నుంచి కడుపులో ఉండగా వచ్చిన రక్షణ తగ్గిపోతుంది. ఈ నాలుగూ కలిసి ఆరు నెలల నుంచి ఏడాది మధ్య పిల్లల్ని విరేచనాలకు అందరికన్నా ఎక్కువగా గురిచేస్తాయి. తప్పు పళ్ల మీదకు నెట్టేస్తే వైద్యం ఆలస్యమవుతుంది. ఈ నమ్మకంతో వచ్చే నష్టం అదే.

సీసా పాలు

బ్రెజిల్‌లో 1987లో చేసిన పరిశోధనలో, తల్లిపాలు అసలు లేకుండా పెరిగిన శిశువులు విరేచనాలతో చనిపోయే ప్రమాదం, తల్లిపాలే తాగే శిశువుల కన్నా 14 రెట్లు ఎక్కువని తేలింది. మన దేశంలో డబ్బా పాలకూ, పాలసీసాలకూ ప్రకటనలు ఇవ్వడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. అయినా సీసా ఇళ్లల్లోకి వస్తూనే ఉంది. రబ్బరు పీక లోపలి అంచును గోరుతో గీకి చూడండి, తెల్లగా జిగురు వస్తుంది. గిన్నె, చెంచా అలా కావు, తోమితే శుభ్రపడతాయి. దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవాళ్లు 63.7 శాతమని అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మిగతావాళ్లలో చాలామందికి పడేది సీసా పాలే కాదు, ‘దాహమేస్తుందేమో’ అని పట్టే నీళ్లు కూడా. ఎంత ఎండాకాలమైనా, చివరికి మే నెల బిలాస్‌పూర్ ఎండకైనా, ఆరు నెలల లోపు బిడ్డకు పాలలో ఉన్న నీళ్లు చాలు.

ఇప్పపూల కాలంలో

మార్చి, ఏప్రిల్‌లో అచానక్‌మార్ అడవుల పక్క పల్లెలకు తెల్లవారకముందే వెళ్తే ఇళ్లల్లో పెద్దవాళ్లెవరూ కనబడరు. ఇప్పపూలు రాత్రి రాలతాయి. ఎండెక్కేలోగా ఏరుకోవాలి. మే నెలలో తునికాకు కోత. జులైలో నాట్లు, ఆ వెంటనే కలుపు. ప్రతి పనిలోనూ ఆడకూలీలదే ముందు వరస. మరి పసివాళ్లు? ఏడేళ్ల అక్క చంకలో ఉంటారు. అక్క ఏం పెడితే అదే తిండి. పొద్దున వండిన అన్నం సాయంత్రానికి. చేతులు కడగమని అక్కకు ఎవరు చెప్తారు?

పిల్లల విరేచనాల కారణాల జాబితాల్లో ‘తల్లి పనికి వెళ్లడం’ అని ఒక వరస ఉంటుంది. అది చదివితే నాకు ఒళ్లు మండుతుంది. పనికి వెళ్లకపోతే ఇల్లెలా గడుస్తుంది? అసలు కారణం, పిల్లాణ్ణి చూసుకునే చోటు లేకపోవడం.

బిలాస్‌పూర్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని గనియారిలో జన్ స్వాస్థ్య సహయోగ్ అనే సంస్థ ఈ మాటను పట్టుకుంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకున్న కొందరు వైద్యులు పట్నం ప్రాక్టీసులు వద్దనుకుని వచ్చి పెట్టిన సంస్థ ఇది. అడవి పక్క పల్లెల్లో వాళ్లు ‘ఫుల్వారీ’లు తెరిచారు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా పిల్లలను, తల్లి పనికి వెళ్లినంతసేపూ ఆ ఊరి ఆడవాళ్లే చూసుకుంటారు. వేడి వేడి కిచిడీ, సత్తు పెడతారు. తినే ముందు చేతులు కడుగుతారు. విరేచనాలు మొదలైన పిల్లాణ్ణి మొదటి పూటే గుర్తుపడతారు. దీనివల్ల ఏడేళ్ల అక్క కూడా బడికి వెళ్తుంది. తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సర్గుజా వైపు ఇలాంటివే తెరిచింది.

కోతలయ్యాక ఇంకో దృశ్యం. ఈ జిల్లాల నుంచి ఇటుక బట్టీల పనికి ఉత్తరాదికి వెళ్లే కుటుంబాలతో బిలాస్‌పూర్ స్టేషన్ నిండిపోతుంది. మూటలు, గిన్నెలు, మధ్యలో పసివాళ్లు. ఆ మూటల్లో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కూడా ఉంటే బాగుండును.

మామిడి, ఈగలు

మామిడిపళ్లతో పాటు ఈగలు వస్తాయి. పాకిస్తాన్‌లో కొన్ని పల్లెల్లో ఈగల మందు కొట్టి చూస్తే పిల్లల విరేచనాలు 23 శాతం తగ్గాయని 1999లో ప్రచురించారు. మందు సంగతి పక్కనపెట్టి, పిల్లాడి గిన్నె మీద మూత వేయడం ఎవరైనా చేయొచ్చు.

బన్‌గావ్ డ్రమ్ములు

1971. బంగ్లాదేశ్ యుద్ధం. బెంగాల్ సరిహద్దు ఊరు బన్‌గావ్‌లో శరణార్థుల శిబిరం, కలరా. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే పిల్లల వైద్యుడు, ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో నింపి, ‘కప్పులతో ముంచి తాగించండి’ అని రోగుల బంధువులకే అప్పజెప్పాడు. అంతకు ముందు వందకు ముప్ఫైమంది దాకా పోతున్న శిబిరంలో చావులు 3.6 శాతానికి పడిపోయాయి. పుస్తకాల్లో లేని వైద్యాన్ని, నర్సులు కానివాళ్ల చేత చేయించినందుకు ఆయన్ను మెచ్చుకోవడానికి లోకానికి చాలా ఏళ్లు పట్టింది. 2022 అక్టోబరులో ఆయన కన్నుమూశారు. పద్మవిభూషణ్ మరుసటి ఏడు వచ్చింది.

ఇందులోని కిటుకు పేగు గోడది. విరేచనాల్లో పేగు ఉప్పును ఒక్కదాన్నే పీల్చుకోలేదు. గ్లూకోజు తోడుంటే పీల్చుకుంటుంది. ఉప్పు వెంట నీళ్లు వెళ్తాయి. అందుకే రెండూ సరైన పాళ్లలో ఉండాలి. ఇప్పుడు వాడే పొట్లంలో లీటరు నీటికి 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేట్ ఉంటాయి.

పాళ్లు తప్పేది ఇంట్లోనే. పెద్ద పొట్లం లీటరుకు, చిన్న పొట్లం 200 మిల్లీలీటర్లకు. పెద్ద పొట్లాన్ని గ్లాసెడు నీళ్లలో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు హాని. ‘ఇవాళ సగం, రేపు సగం’ అని పొట్లాన్ని విరిచి కలపకూడదు. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ప్రతి విరేచనానికీ పావు కప్పు నుంచి అరకప్పు, రెండేళ్లు దాటినవాళ్లకు అరకప్పు నుంచి కప్పు. చెంచాతో, నెమ్మదిగా. కక్కితే పది నిమిషాలు ఆగి మళ్లీ. తియ్యగా ఉండదు, కన్నీళ్ల రుచి. పిల్లాడు మొహం తిప్పేస్తాడు. తాగించాలి, తప్పదు.

డబ్బా మీద పేరు చూసి

తియ్యటి పండ్ల రుచుల పానీయాలు కొన్ని, ఓఆర్‌ఎస్ అన్న అక్షరాలు పేరులో పెట్టుకుని మందుల దుకాణాల్లో అమ్ముడయ్యాయి. వాటిలో చక్కెర ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు. ఎక్కువ చక్కెర పేగులోకి నీళ్లను లాగి విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి ఒంటరిగా పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, సరైన పాళ్లు లేని పానీయాల మీద ఆ అక్షరాలు వాడకూడదని ఆదేశించింది. ఒక తెలుగు ఊరి డాక్టరమ్మ పట్టుదల దేశం మొత్తానికి పనికొచ్చింది. గనియారి దుకాణంలో పొట్లం అడిగే తల్లికి కూడా.

గంజి, పసియా

అన్నం వార్చిన గంజిని ఛత్తీస్‌గఢ్‌లో ‘పసియా’ అంటారు. నీళ్లలో నానబెట్టిన రాత్రి అన్నం ‘బోరే బాసీ’, అంటే మన చద్దన్నమే. 2022 మే డే నాడు అప్పటి ముఖ్యమంత్రి అందరినీ బాసీ తినమని పిలుపిచ్చి తానూ తిన్నారు. విరేచనాల్లో చిటికెడు ఉప్పేసిన పసియా మంచి మందే. బియ్యపు పిండిపదార్థం పేగులో నెమ్మదిగా గ్లూకోజుగా మారుతుంది కాబట్టి ఓఆర్‌ఎస్ చేసే పనే చేస్తుంది. మజ్జిగ, కొబ్బరినీళ్లు కూడా ఇవ్వొచ్చు. బాసీ మాత్రం పెద్దవాళ్ల సంగతి. ఎండాకాలం రాత్రంతా బిందె నీళ్లలో నానింది ఏడాది పిల్లాడికి పెట్టేది కాదు. వేడి గంజి వేరు, చద్ది వేరు.

భీమవరం అబ్బాయి

విరేచనాలు తెలుగువాళ్ల చరిత్రలో ఒక పెద్ద మలుపు తిప్పాయి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే జబ్బుతో పోయారు. తిన్నది ఒంటపట్టక నెలల తరబడి విరేచనాలయ్యే జబ్బది. సుబ్బారావుకూ పట్టుకుంది. ఆయుర్వేద వైద్యుడు ఆచంట లక్ష్మీపతి చేతి మందుతో బతికి బట్టకట్టాడు. తర్వాత అమెరికా వెళ్లి లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన జట్టు ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూకు మందు దొరికింది.

అయిదు చుక్కలు

పల్లె, పట్నం, పేద, ధనిక తేడా చూడని క్రిమి ఒకటుంది. రోటా వైరస్. మెల్బోర్న్‌లో రూత్ బిషప్ బృందం 1973లో పసిపిల్లల పేగుల్లో దీన్ని కనిపెట్టింది. టీకా రాకముందు లోకంలో అయిదేళ్లు నిండేలోగా ఇది సోకని పిల్లలు లేరనే చెప్పాలి. సబ్బు, మంచి నీళ్లు దీన్ని పూర్తిగా ఆపలేవు. టీకానే దారి.

మన టీకా కథ గమ్మత్తుగా ఉంటుంది. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లో పుట్టిన కొందరు పసికందులకు రోటా వైరస్ సోకింది, కానీ జబ్బు చేయలేదు. పైగా ఆ పిల్లలకు తర్వాత రోటా విరేచనాలు గట్టిగా పట్టుకోలేదు. ఎం.కె. భాన్ బృందం ఆ మెత్తటి వైరస్‌ను పట్టుకుని 116ఇ అని పేరు పెట్టింది. దాన్నుంచి హైదరాబాద్ భారత్ బయోటెక్ ‘రోటావాక్’ తయారుచేసింది. ఢిల్లీ, పుణె, వేలూరుల్లో 6,799 మంది శిశువుల మీద పరీక్షిస్తే, తొలి ఏడాది తీవ్రమైన రోటా విరేచనాలు 56 శాతం తగ్గాయి. 2015 మార్చిలో విడుదలైంది. ప్రభుత్వ టీకాల్లోకి 2016లో మొదట చేర్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఛత్తీస్‌గఢ్‌కు 2019లో వచ్చింది. సూది లేదు. 6, 10, 14 వారాలప్పుడు నోట్లో అయిదేసి చుక్కలు.

56 శాతమేనా అని పెదవి విరిచేవాళ్లున్నారు. చిన్న మాత్ర మింగితే సగానికి పైగా ప్రమాదం తప్పుతుందంటే పెద్దవాళ్లం ఎవరం కాదంటాం?

జింకు మాట మరిచిపోతాం

ఓఆర్‌ఎస్ పక్కన ఇంకో పొట్లం ఉండాలి: జింకు మాత్రలు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 14 రోజులు. రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు సగం. చెంచాడు తల్లిపాలలోనో నీళ్లలోనో వేస్తే మాత్ర కరిగిపోతుంది. 1995లో ఢిల్లీ పిల్లల మీద చేసిన పరీక్ష దీని ఉపయోగం లోకానికి చూపినవాటిలో ఒకటి. విరేచనాలు రెండు రోజుల్లో కట్టేస్తే తల్లి మాత్రలు ఆపేస్తుంది. ఆపకూడదు. మిగతా రోజులు పేగు గోడ మరమ్మతుకు. విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందినవాళ్లు దేశంలో 60.6 శాతమైతే, జింకు అందినవాళ్లు 30.5 శాతమే. అయిదో జాతీయ సర్వే మాట ఇది.

మాడు చూసే అత్తలు

పిల్లాడి మాడు లోతుకు పోయిందని పసరు రాసే పద్ధతి మన ఉత్తరాంధ్రలోనూ ఉంది. పసరు పని చేయదు గానీ, ఆ అత్తగారి చూపు తప్పు కాదు. ఒంట్లో నీళ్లు తగ్గిన గుర్తుల్లో మాడు దిగడం ఒకటి. కళ్లు గుంటలు పడతాయి. ఏడిస్తే కన్నీళ్లు రావు. పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే మడత వెంటనే పోదు. ఉచ్చ తగ్గిపోతుంది. పిల్లాడు మత్తుగా పడుకుంటే, తాగలేకపోతే, విరేచనంలో రక్తం కనబడితే ఇంట్లో ఉంచకూడదు. బయల్దేరాక దారిలో కూడా చెంచాతో ఓఆర్‌ఎస్ పడుతూనే ఉండాలి.

నీళ్ల విరేచనాలకు యాంటీబయాటిక్‌లు చాలామంది పిల్లలకు అక్కర్లేదు. విరేచనాలు ఠక్కున కట్టేసే పెద్దవాళ్ల మాత్ర పసిపిల్లలకు అసలే వద్దు. అన్నం మాన్పించడం అన్నిటికన్నా పెద్ద పొరపాటు. ‘కడుపుకు విశ్రాంతి’ అని రెండు రోజులు పస్తు పెడితే, ముందే పలచగా ఉన్న బిడ్డ ఇంకా చిక్కిపోతాడు. చిక్కిన బిడ్డకు విరేచనాలు మళ్లీ వస్తాయి, మళ్లీ చిక్కుతాడు. ఏడు చోట్ల, అందులో మన కోల్‌కతా ఒకటి, జరిపిన పెద్ద పరిశీలన 2013లో ఒక భయంకరమైన లెక్క బయటపెట్టింది. గట్టి విరేచనాలు వచ్చి తగ్గిన పిల్లలు ఆ తర్వాతి రెండు నెలల్లో చనిపోయే ప్రమాదం, రానివాళ్ల కన్నా 8.5 రెట్లు. జబ్బు తగ్గాక రెండు వారాల పాటు రోజుకు ఒక పూట ఎక్కువ తిండి పెట్టాలని వైద్యులు చెప్పేది అందుకే.

మితానిన్ దీదీ

దేశమంతా ‘ఆశ’ రావడానికి మూడేళ్లు ముందే, 2002లో, ఛత్తీస్‌గఢ్ ‘మితానిన్’ అనే ఆరోగ్య కార్యకర్తలను తెచ్చింది. ప్రతి పారాకు, అంటే వాడకు, ఒక ఆడమనిషి. ఆ వాడవాళ్లే ఎన్నుకుంటారు. ఇప్పుడు రాష్ట్రంలో సుమారు 70 వేల మంది. ఆమె మందుల పెట్టెలో ఓఆర్‌ఎస్ ఉంటుంది. అర్ధరాత్రి తలుపు తట్టినా ‘దీదీ’ అంటే లేస్తుంది. క్వార్టర్లలో పనికి వచ్చే అమ్మాయిని అడిగి చూడండి, వాళ్ల వాడ మితానిన్ ఎవరో చెప్తుంది. రైల్వే ఆస్పత్రి కార్డు ఉన్న మనకు ఆమె అవసరం పడదు గానీ, పని అమ్మాయి బిడ్డకు ఆమే దిక్కు.

ఇక వర్షాకాలం సంగతి. ప్రభుత్వం ‘స్టాప్ డయేరియా’ పేరుతో ఈ కాలంలో అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లకు ఓఆర్‌ఎస్, జింకు ఉచితంగా ఇస్తుంది. ఆశ, మితానిన్, అంగన్‌వాడీ, ఎవరినడిగినా సరే. పసివాళ్లున్న ఇంట్లో రెండు పొట్లాలు, ఒక జింకు అట్ట ఉంచండి. పక్కన ఒక లీటరు సీసా కడిగి పెట్టండి, కొలతకు తడుముకోనక్కర్లేకుండా. ఊరెళ్లే పని అమ్మాయికీ ఒక పొట్లం ఇచ్చి, ఎన్ని నీళ్లలో కలపాలో ఆమె చేతే చెప్పించుకోండి. పొట్లం మీద గడువు తేదీ చూడటం మరవకండి.